పులుపు మరిచిన కొలబద్ద

జర్మన్ వైట్ వైన్ అనగానే చాలామందికి ముందు తట్టే మాట తీపి. పొడవాటి మెడ ఉన్న సీసా, దాని మీద పాతకాలపు అలంకార లిపి, లోపల పల్చని చక్కెర నీళ్లలాంటి పానీయం. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో లండన్ నుంచి న్యూయార్క్ దాకా తాగేవాళ్ల మనసుల్లో స్థిరపడిపోయిన బొమ్మ ఇది. నిజానికి ఈ బొమ్మ వయసు మహా అయితే డెబ్భై ఏళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో రైన్, మోజెల్ లోయల తెల్ల వైన్‌కు ఫ్రాన్స్‌లోని మేటి ఎర్ర వైన్లతో సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి ధర పలికినప్పుడు కొన్నవాళ్లు డబ్బు పెట్టింది చక్కెరకు కాదు. నోరూరించే పులుపుకు, ఆ పులుపు మీద నిలబడిన పరిమళానికి, సీసాలో దశాబ్దాలు బతికే శక్తికి పెట్టారు. మరి మధ్యలో ఏం జరిగింది? జనం నాలుకలు మారాయని, యుద్ధాలు వచ్చాయని, చౌక సరుకు ముంచెత్తిందని రకరకాలుగా చెబుతారు. వాటన్నిటిలో కొంత నిజం ఉంది. కానీ అసలు దోషి ఒక కొలబద్ద అని నా వాదన. పండు ఎంత పండిందో తెలుసుకోవడానికి పుట్టిన ఒక చిన్న సాధనం, మెల్లమెల్లగా వైన్ ఎంత గొప్పదో తేల్చే న్యాయాధికారి అయి కూర్చుంది. 1971లో ఆ అధికారానికి చట్టం రాజముద్ర వేసింది. ఆ వైన్‌ను ఎలా రుచి చూడాలో తెలియాలంటే ఈ కొలబద్ద కథ ముందు తెలియాలి.

కథ నేల నుంచి మొదలవ్వాలి. మోజెల్ నది ట్రియర్ పట్టణం దాటాక కోబ్లెంట్స్ దగ్గర రైన్‌లో కలిసేదాకా పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. ఈ లోయ దాదాపు 50వ ఉత్తర అక్షాంశం మీద ఉంది. పాతకాలపు వాతావరణంలో ద్రాక్ష పండటానికి అది ఇంచుమించు చివరి పొలిమేర. అక్కడ ద్రాక్ష పండాలంటే దక్షిణానికి తిరిగిన నిటారు కొండవాలు కావాలి, కింద ఎండను తిప్పికొట్టే నీళ్లు కావాలి, కాళ్ల కింద వేడిని దాచుకునే రాయి కావాలి. ఆ రాయి మన మార్కాపురం పలకల రాయికి దగ్గరి చుట్టం. బడిపలకను ఎండలో పెడితే ఎంత త్వరగా కాలుతుందో తెలిసినవాళ్లకు మోజెల్ రహస్యం సగం అర్థమైనట్టే. పగలంతా ఎండ తాగిన ఆ నల్లని పలక ముక్కలు చీకటి పడ్డాక ఆ వేడిని తీగలకు వదులుతాయి. ఒక్కో తీగకు ఒక్కో కర్ర నాటి, రెండు కొమ్మలను చెరో పక్కకు వంచి కిందికి కట్టడం అక్కడి పాత పద్ధతి. దూరం నుంచి చూస్తే కొండంతా పచ్చని గుండె బొమ్మలు గుచ్చినట్టు ఉంటుంది. బ్రెమ్ గ్రామం పక్కన కాల్మాంట్ అనే కొండవాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా నిటారుగా లేస్తుంది. అక్కడ ట్రాక్టరు సంగతి అటుంచితే మనిషి నిలబడటమే కష్టం. వానకు జారిపోయిన పలక ముక్కలను, మట్టిని వీపున బుట్టలతో మళ్లీ పైకి మోసినవాళ్ల చాకిరీ ఆ తోటల ప్రతి గజంలోనూ ఉంది. నది మెలిక తిరిగినచోట ఒక ఒడ్డు ఎండగోడ, ఎదురు ఒడ్డు బల్లపరుపు పొలం. ఊరు ఒకటే అయినా ఈ గోడ మీద పండిన కాయ ఆ పొలంలో పండదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, కథంతా చివరికి దీని చుట్టే తిరుగుతుంది.

చల్లని చోట మెల్లగా పండే ద్రాక్షలో తీపి ఆలస్యంగా ఎక్కుతుంది, పులుపు ఆలస్యంగా దిగుతుంది. ద్రాక్ష పులుపులో ముఖ్యభాగం టార్టారిక్ ఆమ్లం. మన చింతపండుకు పులుపునిచ్చేదీ అదే. అందుకే ఈ వైన్ గురించి తెలుగువాళ్లతో మాట్లాడటం నిజానికి తేలిక. పప్పుపులుసులో బెల్లం ముక్క ఎందుకు వేస్తామో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బెల్లం పడ్డంత మాత్రాన పులుసు పాయసం అయిపోదు. పులుపు కోరను కొంచెం అరగదీసి దాని రుచిని నిలబెట్టడమే బెల్లం పని. రీస్లింగ్ ద్రాక్షతో చేసిన మోజెల్ వైన్‌లో లీటరుకు ఏడెనిమిది గ్రాముల ఆమ్లం మామూలు సంగతి. దాని పక్కన లీటరుకు నలభై గ్రాముల చక్కెర ఉన్నా నోటికి తెలిసేది తీపి పానీయం కాదు, పండు. అదే చక్కెరను మంచినీళ్లలో కలిపితే షర్బత్తు అవుతుంది. ఇక ఆ చక్కెర వైన్‌లో ఎలా మిగిలిందన్నది కల్లు తెలిసినవాళ్లకు కొత్త విషయం కాదు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ తీపి తరిగి ఘాటెక్కుతుంది, ఎందుకంటే ఈస్ట్ చక్కెరను తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. మోజెల్‌లో కోత ముగిసేసరికి చలికాలం వచ్చేస్తుంది, నేలమాళిగ చల్లబడుతుంది, ఈస్ట్ మందగిస్తుంది. కొన్ని పీపాల్లో చక్కెరంతా తినకముందే ఆగిపోతుంది. ఆ మిగులు తీపి కాలం, చలి కలిసి ఇచ్చినది, ఎవరో కలిపినది కాదు.

రీస్లింగ్ అనే ద్రాక్ష పేరు రాతలో మొదట కనిపించేది 1435లో, రైన్ నదికి దగ్గరలోని రుసెల్స్‌హైమ్ కోటలో కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువు ఖాతాపుస్తకంలో, ఆ తీగ ముక్కలు కొన్నందుకు రాసిన ఖర్చు పద్దుగా. కానీ ఆ తర్వాత చాలాకాలం తోటల్లో అన్నిరకాల తీగలూ కలగాపులగంగానే పెరిగాయి. రైన్‌గావ్ ప్రాంతంలోని యోహానిస్‌బెర్గ్‌ను ఫుల్డా మఠాధిపతి 1716లో కొని, కొద్ది ఏళ్లలోనే అక్కడ పెద్దఎత్తున రీస్లింగ్ నాటించాడు. 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెంట్సెస్లావుస్ నాసిరకం తీగలు పీకి మేలైనవి నాటాలని మోజెల్ రైతులకు ఆజ్ఞ ఇచ్చాడు, అందుకు ఏడేళ్ల గడువు పెట్టాడు. ఈ రెంటికీ మధ్య, 1775లో, యోహానిస్‌బెర్గ్ చెప్పుకునే ప్రసిద్ధ సంఘటన జరిగింది. కోత మొదలుపెట్టాలంటే దూరాన ఉన్న ఫుల్డా నుంచి అనుమతి రావాలి. ఆ ఏడు అనుమతి తెచ్చే రౌతు బాగా ఆలస్యమయ్యాడు. గుత్తులకు బూజు పట్టింది, కాయలు ముడుచుకుపోయాయి. పారేయలేక పిండిన ఆ రసం అంతకుముందు ఎవరూ ఎరగని రుచితో వైన్ అయింది. కాయ తోలుకు సన్నని రంధ్రాలు చేసి లోపలి నీటిని ఆవిరైపోనిచ్చే ఆ బూజు తీపిని, పరిమళాన్ని చిక్కబరుస్తుంది. ఆలస్యపు కోత అనే అర్థమున్న ష్పేట్‌లేజె అనే మాటకు మూలం ఇదే. ఆ మాట పుట్టినప్పుడు అది ఓ కోత పద్ధతికి పేరు. కొండ మీద ఎదురుచూసి, వానకూ పిట్టలకూ పంట పోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని ఆలస్యంగా కోశామని చెప్పడమే దాని ఉద్దేశం. రసంలో ఇంత చక్కెర ఉండాలనే లెక్క అప్పటికి లేదు.

అంకె పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. ఫోర్ట్స్‌హైమ్ పట్టణపు కంసాలి, యంత్రపరికరాల పనివాడు క్రిస్టియాన్ ఫెర్డినాండ్ ఓక్స్‌లే ద్రాక్షరసంలో తేలే ఒక కొలబద్దకు చక్కని రూపం ఇచ్చాడు. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసినవాళ్లకు దాని పని వేరే చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లు కిలో బరువు తూగితే, లీటరు ద్రాక్షరసం అంతకంటే ఎన్ని గ్రాములు ఎక్కువ తూగుతుందో అదే ఓక్స్‌లే అంకె. 1,080 గ్రాములు తూగితే 80 డిగ్రీలు. రసంలో కరిగినదాంట్లో ఎక్కువభాగం చక్కెరే కాబట్టి, ఈ అంకె చూసి పులిసిన తర్వాత ఆల్కహాల్ ఎంత వస్తుందో అంచనా కట్టవచ్చు. ఇది గొప్ప పనిముట్టు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. పదేళ్లలో మూడు నాలుగు ఏళ్లు మాత్రమే కాయ సరిగ్గా పండే దేశంలో, ఎప్పుడు కోయాలో, ఏ తోట పండిందో చెప్పే సాధనం రైతుకు ఎంతో మేలు చేసింది. కానీ లాక్టోమీటర్ పాలు చిక్కగా ఉన్నాయని చెబుతుందే గానీ, ఆ పాలు ఏ గడ్డి మేసిన గేదెవో, ఆ పెరుగు ఎంత కమ్మగా తోడుకుంటుందో చెప్పదు కదా. ఓక్స్‌లే అంకె పులుపు గురించి ఒక్క మాట చెప్పదు, పరిమళం గురించి చెప్పదు, కొండ గురించి అసలే చెప్పదు.

ఆ శతాబ్దంలో దీనికి పోటీగా మరో కొలత నడిచింది, అది నేల కొలత. మోజెల్ 1815 తర్వాత ప్రష్యా పాలనలోకి వచ్చింది. ద్రాక్షతోటల శిస్తు తేల్చడానికి ఏ తోట నికరంగా ఎంత రాబడి ఇస్తుందో అధికారులు లెక్కకట్టారు. ఆ లెక్కల ఆధారంగా ట్రియర్‌లో శిస్తు అధికారి ఫ్రాంట్స్ జోసెఫ్ క్లోటెన్ 1868లో మోజెల్, సార్ లోయల పటం వేయించాడు. రాబడి ఎక్కువున్న వాలు ముదురు ఎరుపు, తక్కువున్నది లేత రంగు. నది మెలికల వెంట ఏ గోడ ఎర్రగా ఉందో, ఏది వెలవెలబోయిందో చూపు పడగానే తెలుస్తుంది. ఇందులో నన్ను ఆకట్టుకునేది ఇది. ఆ రంగులు ఏ ప్రభువో పక్షపాతంతో పూయించినవి కావు. తాగేవాళ్లు ఏళ్ల తరబడి ఏ తోట వైన్‌కు ఎంత చెల్లించారో, ఆ చెల్లింపుల మీద తేలినవి. అంటే వందల మంది నాలుకలు ఇచ్చిన తీర్పును శిస్తు అధికారి పటం మీదికి ఎక్కించాడు. ఈనాటికీ గొప్పవని చెప్పుకునే తోటల్లో చాలావరకు ఆ పటంలో ముదురు రంగులోనే ఉన్నాయి.

అదే కాలంలో బీదరికం కూడా ఉంది, దాన్ని దాటవేస్తే చరిత్ర అబద్ధమవుతుంది. 1834లో జర్మన్ రాజ్యాల మధ్య సుంకాల కూటమి ఏర్పడ్డాక దక్షిణాది వైన్లు చౌకగా వచ్చిపడ్డాయి, వరసగా పంటలు చెడ్డాయి, మోజెల్ రైతులు అప్పులపాలయ్యారు. ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్స్ 1843 జనవరిలో రైన్ ప్రాంతపు పత్రికలో వాళ్ల గోడు గురించే రాశాడు. ట్రియర్‌కే చెందిన లుడ్‌విగ్ గాల్ 1850లలో మరో దారి చూపించాడు. చెడ్డ ఏడాది రసంలో చక్కెర నీళ్లు కలిపి పులియబెడితే పులుపు పలచబడుతుంది, ఆల్కహాల్ సరిపోతుంది, వైన్ అమ్ముడుపోతుంది. ఆకలితో ఉన్న రైతుకు అది అన్నం పెట్టింది. కానీ దానితో రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. చక్కెర కలపనివాళ్లు తమ వైన్‌ను సహజ వైన్ అని పిలుచుకుని, వేలంపాటలు పెట్టి అమ్ముకున్నారు. 1910లో ఆ వేలంపాటల సంఘాలన్నీ కలిసి దేశవ్యాప్త సంఘంగా ఏర్పడ్డాయి. దాని మొదటి అధ్యక్షుడు ట్రియర్ నగరాధ్యక్షుడు ఆల్బెర్ట్ ఫాన్ బ్రుఖ్‌హౌజెన్. ఆ వేలంలో సీసా విలువ తేల్చింది ఊరు పేరు, తోట పేరు, పండించినవారి పేరు, ఆ ఏటి పంట. ఓక్స్‌లే అంకె రైతు నేలమాళిగలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. పాతకాలంలోనూ తియ్యని వైన్లు ఉన్నాయి కదా, 1775 నాటి బూజుకోత తియ్యనిదే కదా, గడ్డకట్టిన గుత్తుల నుంచి పిండిన ఐస్‌వైన్ బింగెన్ దగ్గరి డ్రోమెర్స్‌హైమ్‌లో 1830 ఫిబ్రవరిలోనే పుట్టింది కదా, అలాంటప్పుడు తీపి ఈమధ్య వచ్చిందని ఎలా అంటావు అని. తీపి కొత్తది అని నేను అనడం లేదు. మామూలు సీసాలో తీపి కొత్తది అంటున్నాను. దీనికి సాంకేతిక కారణం ఉంది. వైన్‌లో చక్కెర మిగిలి, ఈస్ట్ కూడా మిగిలితే, వేసవి వేడికి సీసాలోనే మళ్లీ పులియడం మొదలవుతుంది. బిరడా ఎగురుతుంది లేదా వైన్ మసకబారుతుంది. కాబట్టి పాతకాలపు వైన్ మోజెల్‌లో వెయ్యి లీటర్ల ఫూడర్ పీపాలో, రైన్ ఒడ్డున 1,200 లీటర్ల ష్టూక్ పీపాలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కుదురుకోవాల్సిందే. ఆ నిదానంలో మామూలు వైన్‌లో తీపి చాలావరకు కరిగిపోయేది. ఈస్ట్ తినలేనంత చిక్కటి తీపి ఉన్న అరుదైన బూజుకోత వైన్లు మాత్రమే తియ్యగా నిలిచేవి, వాటిని చిన్న గ్లాసులో, చివర్లో, పండుగనాడు తాగేవారు. ఇరవయ్యో శతాబ్దంలో క్రొయిజ్‌నాఖ్ పట్టణపు సైట్స్ సంస్థ ఈస్ట్‌ను పూర్తిగా వడగట్టే ఫిల్టర్లు తెచ్చాక పరిస్థితి తలకిందులైంది. ఇక వైన్‌ను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. లేదా పూర్తిగా పులియనిచ్చి, విడిగా దాచిన తియ్యని రసాన్ని సీసాలకెత్తే ముందు కలిపి ఎంత కావాలంటే అంత తీపి చేయవచ్చు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ రెండో పద్ధతి ఇంటింటి పద్ధతి అయింది. చలి ఇచ్చిన తీపి పోయి గరిటెతో వేసిన తీపి వచ్చింది.

మరి యుద్ధాల మాటేమిటి? జర్మన్ వైన్ పరువు పోవడానికి రెండు ప్రపంచయుద్ధాలే కారణమని చెప్పేవాళ్లున్నారు. అంతకంటే లోతైన గాయం మరొకటి ఉంది. మైంట్స్, బింగెన్, క్రొయిజ్‌నాఖ్ పట్టణాల్లో మేలైన వైన్‌ను గుర్తించి, కొని, నిలవచేసి, విదేశాలకు పరిచయం చేసిన వ్యాపారుల్లో యూదులు చాలామంది. 1933 తర్వాత నాజీలు వాళ్లను వ్యాపారాల నుంచి తరిమేశారు, ఆస్తులు లాక్కున్నారు, పారిపోలేకపోయినవాళ్లలో ఎందరినో చంపేశారు. వాళ్లతోపాటు పోయింది సరుకు ఒక్కటే కాదు. ఏ గోడ వైన్ ఎన్నేళ్లకు విచ్చుకుంటుందో నోటితో తెలిసినవాళ్లు పోయారు. కొనుగోలుదారులు లేక కుంగిపోయిన రైతులను నిలబెట్టామని చాటుకోవడానికే 1935లో ఫాల్ట్స్ ప్రాంతంలో వైన్ రహదారి ప్రారంభించి ప్రచారం చేశారు. ఈ గాయాన్ని తక్కువ చేసి చూడటానికి నాకు మనసొప్పదు, నా వాదనకు ఇది అడ్డు కూడా కాదు. రుచి తెలిసినవాళ్లు పోయినచోట అంకె సులువుగా పెత్తనం చేస్తుంది. అయితే యుద్ధం ఒక్కటే కారణమైతే దేశం కోలుకున్నాక వైన్ కూడా కోలుకోవాలి. జరిగింది దానికి విరుద్ధం. 1950లు దాటాక అమ్మకాలు పెరిగాయి, ఎగుమతులు పెరిగాయి, పరువు మాత్రం సరిగ్గా అమ్మకాలు శిఖరానికి చేరిన కాలంలోనే పడిపోయింది. దానికి వేరే కారణం వెతకాల్సిందే.

ఆ కారణం కొత్త తీగల్లోనూ కొత్త చట్టంలోనూ ఉంది. గైజెన్‌హైమ్ పరిశోధనాలయంలో 1882లో హెర్మన్ ముల్లర్ సృష్టించిన సంకరజాతి ముల్లర్-తుర్గావ్. అది రీస్లింగ్ కంటే ముందే పండుతుంది, విరివిగా కాస్తుంది, బల్లపరుపు నేల మీద కూడా మొండికేయదు. తర్వాత వచ్చిన ఓర్టెగా, ఆప్టిమా, హుక్సెల్‌రేబె లాంటి సంకరాలు ఇంకో అడుగు ముందుకేశాయి. వీటి గుణం ఒక్కటే, చక్కెర త్వరగా ఎక్కించుకోవడం. రీస్లింగ్ కాలంలో ఓక్స్‌లే అంకె ఎక్కువుంటే తోట మంచిదని అర్థం, ఎందుకంటే ఆ మొండి తీగ మంచి గోడ మీద తప్ప పండేది కాదు. కొత్త తీగలు ఆ ముడిని తెంచేశాయి. ఉర్లగడ్డలు పండే చదును నేలలో కూడా గొప్ప అంకె వచ్చేస్తుంది. సరిగ్గా ఆ సమయంలో, 1971 జులైలో అమల్లోకి వచ్చిన వైన్ చట్టం నాణ్యతకు ఆ అంకెనే ప్రమాణం చేసింది. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె, బేరెన్‌ఔస్‌లేజె, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె అనే మెట్లన్నీ రసపు బరువును బట్టే. మోజెల్ రీస్లింగ్ 76 డిగ్రీలు దాటితే ష్పేట్‌లేజె, 83 దాటితే ఔస్‌లేజె, 150 దాటితే చిట్టచివరి మెట్టు. ఒకప్పుడు రైతు తెగింపుకు పేరైన ష్పేట్‌లేజె ఇప్పుడొక హద్దు గీత అయింది. చక్కెర కలపలేదని చెప్పుకునే సహజ వైన్ అనే మాటను సీసా మీద రాయడం అదే చట్టం నిషేధించింది. 1910 నాటి సంఘం పేరే మార్చుకోవాల్సి వచ్చింది.

నేల పేర్లకు జరిగింది ఇంకా దారుణం. దేశం మొత్తం మీద పాతిక, ముప్పై వేల దాకా ఉన్న తోటల పేర్లను కుదించి సుమారు 2,600 చేశారు. ఒక తోట కనీసం ఐదు హెక్టార్లు ఉండాలన్నారు. బెర్న్‌కాస్టెల్ ఊరి పైన ఎండగోడకు అతుక్కున్న డాక్టర్ అనే ప్రసిద్ధ తోట అసలు విస్తీర్ణం మూడు హెక్టార్ల పైచిలుకు మాత్రమే. నియమం సరిపెట్టడానికి పక్క తోటలను అందులో కలిపారు, వివాదం కోర్టులకెక్కింది, 1980లలో గానీ అది మళ్లీ దాదాపు పాత హద్దులకు రాలేదు. చిన్న తోటలను కలిపేయడంతో ఆగకుండా, ఎన్నో ఊళ్లను కలిపి పెద్ద తోటలు అనే పేరుతో 150కి పైగా గుంపులు కట్టారు. పీస్‌పోర్ట్ ఊరికి వెనక ఉన్న నల్లని పలకగోడ గోల్డ్‌ట్రోప్‌ఖెన్, శతాబ్దాల పేరున్న తోట. పీస్‌పోర్టర్ మిఖెల్స్‌బెర్గ్ మాత్రం చుట్టుపక్కల ఊళ్ల చదును పొలాలను కూడా కలుపుకున్న గుంపు. రెండు సీసాల మీదా అక్షరాల తీరు ఒకటే, ఊరి పేరు ఒకటే. ఊరు పేరు పెట్టుకుని వేరే ఊరి సరుకు అమ్మడాన్ని మామూలుగా ఏమంటామో అందరికీ తెలుసు, ఇక్కడ అది చట్టం.

ఈ చట్టాన్ని సమర్థించినవాళ్ల మాట కూడా వినాలి. ఫ్రాన్స్‌లోలాగా కొన్ని తోటలకు శాశ్వతంగా పెద్దపీట వేస్తే మిగతా ఊళ్ల రైతు ఎంత కష్టపడినా పైకి రాలేడు, అంకె అందరికీ ఒకటే కాబట్టి అది ప్రజాస్వామ్యం అన్నారు. ఆ ఆశయాన్ని నేను గౌరవిస్తాను. చిన్న రైతుకు అవకాశం ఉండాల్సిందే. కానీ నిజంగా లాభపడింది ఎవరు? 65 డిగ్రీల వాలు మీద చేత్తో పని చేసుకునే కుటుంబానికీ, చదును పొలంలో యంత్రంతో కోసేవాడికీ ఒకే పేరు, ఒకే మెట్టు వస్తే, ధర రెండోవాడి స్థాయికే దిగుతుంది. కొండ మీది మనిషి తోట వదిలేసి పోతాడు. సమానత్వం పేరుతో జరిగింది ఎక్కువ శ్రమను తక్కువ శ్రమతో సమానం చేయడం. గ్రామం, తోట, మనిషి పేరు నిజాయితీగా రాసే హక్కు ఇచ్చి ఉంటే అనామక ఊరి రైతు కూడా తన పేరుతో పైకొచ్చేవాడు.

ఆ తర్వాతిది వేగంగా జరిగిపోయింది. వోర్మ్స్ నగరంలో మేరీమాత చర్చి చుట్టూ ఉన్న తోట వైన్‌కు పుట్టిన పేరు లీబ్‌ఫ్రౌమిల్ష్. ఇరవయ్యో శతాబ్దంలో అది ఏ తోటకూ చెందని మెత్తని తియ్యని మిశ్రమానికి పేరైపోయి, 1970లు, 80లలో ఎగుమతుల్లో పెద్ద వాటా ఆక్రమించింది. తక్కువ ధరకు అమ్మే తియ్యని వైన్‌లో తప్పేమీ లేదు, దాంతో ఎందరో మొదటిసారి వైన్ రుచి తెలుసుకున్నారు. కానీ జర్మన్ అంటే ఇదే అనే నమ్మకం అక్కడే గట్టిపడింది. 1985లో ఆస్ట్రియా వైన్లలో తీపినీ చిక్కదనాన్నీ పెంచడానికి డైఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపారని బయటపడింది, ఆ వైన్ కలిసిన కొన్ని జర్మన్ సీసాల్లోనూ అది దొరికింది. తీపి కోసం, చిక్కదనం కోసం, అంకె కోసం మనుషులు ఎంత దూరం పోగలరో ఆ ఏడాది చూపింది. ఈ తీపి మీద జర్మనీలోనే తిరుగుబాటు వచ్చింది, కానీ అదీ పక్కదారే పట్టింది. ట్రోకెన్, అంటే తీపి మిగలని వైన్ మాత్రమే నిజమైనదని కొందరు పట్టుబట్టారు. లీటరుకు తొమ్మిది గ్రాములకు లోపు చక్కెర ఉంటే చాలు గొప్పదన్నట్టు, సరిగ్గా పండని కాయల నుంచి నోరు కోసుకుపోయే పల్చని వైన్లు చేశారు. ఇదీ అంకె పూజే, వ్యతిరేక దిశలో. బెల్లం వేసిన పులుసును అసహ్యించుకుని ఉప్పు, చింతపండు నీళ్లు తాగమన్నట్టు ఉంది. ఈ చిక్కు విడిపోవడం మొదలైంది 1910 నాటి సంఘం వారసులే మళ్లీ తోటల వర్గీకరణకు దిగిన తర్వాత. 2002 ప్రాంతంలో మేటి తోటల ట్రోకెన్ వైన్లకు గ్రోసెస్ గెవెక్స్ అనే గుర్తింపు వచ్చింది. 2021లో సవరించిన నిబంధనలు సీసా మీద చెప్పిన చోటు ఎంత చిన్నదైతే అంత కఠినమైన ప్రమాణం అనే సూత్రాన్ని దేశమంతటికీ తెచ్చాయి. క్లోటెన్ పటం నూటయాభై ఏళ్ల తర్వాత మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

ఈ చరిత్ర తెలిసినవాడు గ్లాసు ఎత్తే తీరు వేరుగా ఉంటుంది. మోజెల్ కాబినెట్‌ను మరీ చల్లగా, మంచుగడ్డలా ఇవ్వకూడదు. ఎనిమిది, పది డిగ్రీల చల్లదనం చాలు, అంతకంటే చల్లబడితే పరిమళం నోరు మూసుకుంటుంది. ఆల్కహాల్ ఎనిమిది, తొమ్మిది శాతమే కాబట్టి గొంతులో మంట ఉండదు. మొదటి గుక్కలో తీపి తగులుతుంది, చాలామంది తీర్పు అక్కడే ఆపేస్తారు. ఆగాలి. మింగిన తర్వాత నాలుక అంచుల్లో నీరూరుతుంది, పచ్చి ఆపిల్, పలుచని తేనె, తడిసిన పలకలాంటి వాసన ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఆ తీపి ఎక్కడికో పోయి నోరు శుభ్రంగా మిగులుతుంది. అలా మిగలకుండా నాలుక మీద జిగట మిగిలితే ఆ సీసాలో పులుపు లేదు, ఎన్ని డిగ్రీల రసమైనా అది మంచి వైన్ కాదు. పాతబడిన రీస్లింగ్‌లో కిరోసిన్‌ను గుర్తుచేసే వాసన వస్తే భయపడక్కర్లేదు. ఎండ బాగా తగిలిన కాయల తోలులోని పదార్థాలు ఏళ్ల మీద మారి ఇచ్చే వాసన అది, మితంగా ఉంటే వయసుకు గుర్తు. వయసు సంగతికొస్తే, వుర్ట్స్‌బుర్గ్ ష్టైన్ తోటలో 1540లో పండిన వైన్ సీసాను 1961లో లండన్‌లో తెరిచినప్పుడు, గాలి తగిలి చెడిపోయేలోగా కొన్ని క్షణాలు అందులో ఇంకా ప్రాణం ఉందని రుచి చూసినవాళ్లు రాశారు. నాలుగు వందల ఏళ్లు ఆ ప్రాణాన్ని నిలబెట్టింది తీపి ఒక్కటే అయ్యుండదు, పులుపు లేని తీపి అంతకాలం నిలవదు.

ఇప్పుడు కొలబద్దకు కొత్త పరీక్ష వచ్చిపడింది. భూమి వేడెక్కింది. ఒకప్పుడు అక్టోబర్ చివర, నవంబర్‌లో కోసిన మోజెల్ రీస్లింగ్ ఇప్పుడు చాలా ఏళ్లలో సెప్టెంబర్‌లోనే కోతకొస్తోంది. 2019 పంటకు దేశంలోని 13 వైన్ ప్రాంతాల్లో ఎక్కడా ఐస్‌వైన్‌కు కావలసినంత గట్టి చలి పడలేదు. చట్టం కాబినెట్‌కు అడిగే కనీస డిగ్రీలు ఇప్పుడు ఎవరికైనా సునాయాసంగా వచ్చేస్తాయి. ష్పేట్‌లేజె, ఔస్‌లేజె బరువున్న రసాన్నే కిందిమెట్టు పేరుతో సీసాకెత్తడం మామూలైపోయింది. తాతలు తపించిన చక్కెర మనవళ్లకు బెడదగా మారింది. ఇప్పుడు అరుదైనది, ధర పలికేది, ఎనిమిది శాతం ఆల్కహాల్‌తో తేలికగా, పులుపుతో మెరిసే పాతకాలపు కాబినెట్. దాని కోసం రైతులు సార్, రూవర్ పక్కలోయల్లోకి, నది గాలికి దూరంగా కొండ పైఅంచుల్లోకి, ఒకప్పుడు చలికి కాయ పండదని వదిలేసిన వాలుల్లోకి తిరిగి వెళుతున్నారు. అక్కడ తెల్లవారి మంచు ఆరకముందే ఒక కాయను చిదిమి రిఫ్రాక్టోమీటర్ గాజు మీద చుక్క వేసి అంకె చూస్తారు. తర్వాత పక్క కాయను నోట్లో వేసుకుని, తోలు నమిలి, పులుపు ఇంకా ఉందని తేల్చుకున్నాకే బుట్టలు దించమంటారు.